పెద్ద మీడియా కంపెనీలో పని ఎలా ఉంటుంది: పేరు చూసి చేరకండి, డెస్క్ చూసి చేరండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇప్పుడు చిన్న న్యూస్ సైట్‌లో రాయడం, ఎడిటింగ్, వీడియో కటింగ్, థంబ్‌నెయిల్ అన్నీ మీరే చేస్తున్నారు, ఒక పెద్ద మీడియా గ్రూప్ డిజిటల్ వింగ్ నుంచి ఆఫర్ వచ్చింది, జీతంలో పెద్ద తేడా లేదు గానీ పేరుంది, లోపల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి, నచ్చకపోతే మళ్లీ చిన్న సంస్థకి రావొచ్చా అని కూడా అడిగారు. నేను టీవీలో అవుట్‌పుట్ డెస్క్‌తో మొదలుపెట్టా, తర్వాత డిజిటల్, ఆ తర్వాత స్ట్రీమింగ్ వైపు ప్రోగ్రామింగ్ టీమ్, అన్నీ పెద్ద సంస్థలే. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపికుంటే చదవండి.

అసలు బయటికి కనిపిస్తున్నంత ఒకటే కంపెనీ కాదండీ అది. ఒక ఫ్లోర్‌లో న్యూస్ వాళ్లు అరుచుకుంటూ ఉంటారు, దాని పై ఫ్లోర్‌లో యాడ్ సేల్స్ వాళ్లు ఇస్త్రీ చొక్కాలతో ప్రెజెంటేషన్లు వేసుకుంటూ ఉంటారు, ఇంకో వైపు ఎంటర్‌టైన్‌మెంట్ ప్రోగ్రామింగ్, ఇంకో మూల డిజిటల్, దాని పక్కన టెక్. వీళ్లలో సగం మందికి మిగతా సగం ఏం చేస్తారో తెలీదు. ఐడీ కార్డు మీద లోగో ఒకటే, అంతవరకే. ఒకే కంపెనీలో ఒకడు హాయిగా ఇరవై ఏళ్లు చేసి రిటైర్ అవుతాడు, ఇంకొకడు ఆర్నెల్లకే పారిపోతాడు, ఇద్దరు చెప్పేదీ నిజమే, ఎందుకంటే ఇద్దరూ వేరే వేరే డెస్కుల్లో కూర్చున్నారు. అందుకే "ఆ కంపెనీ ఎలా ఉంటుంది" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, "ఆ డెస్క్ ఎలా ఉంటుంది, ఆ డెస్క్‌కి డబ్బు ఎక్కడ్నుంచి వస్తుంది" అని అడగాలి.

పని సంగతి. మీకు మొదట తగిలే షాక్ ఏంటంటే, ఇప్పటిదాకా మీరు రాసింది మీరే పెట్టేసేవారు, ఇక్కడ మీ చేతిలోంచి బయల్దేరిన ముక్క బయటికి వచ్చేసరికి మీది అని మీరే గుర్తుపట్టలేరు. టీవీ న్యూస్‌లో అయితే ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు వైపులు. రిపోర్టర్లు, బ్యూరోలు, ఏజెన్సీ ఫీడ్ అంతా ఇన్‌పుట్ వాళ్ల దగ్గరికి వస్తుంది, వాళ్లు ఇది ఉంది, ఇది లేదు, ఇది గంటలో వస్తుంది అని చెప్తారు. అవుట్‌పుట్ వాళ్లు దాన్ని రన్‌డౌన్‌లో పెడతారు. రన్‌డౌన్ అంటే బులెటిన్‌లో ఏ ఐటెమ్ తర్వాత ఏది, దేనికి ఎన్ని సెకన్లు, యాంకర్ చదువుతారా, విజువల్స్ మీద వాయిస్ ఓవరా, బైట్ (ఎవరైనా కెమెరా ముందు మాట్లాడిన ముక్క) ఉందా, లైవ్ ఉందా అని వరసగా ఉండే పట్టిక, అందరి స్క్రీన్ల మీదా అదే తెరిచి ఉంటుంది. మీరు నలభై సెకన్లకి రాస్తారు, కాపీ చూసేవాళ్లు దాన్ని ఇరవై అయిదు చేస్తారు, వీడియో ఎడిటర్ విజువల్స్ సరిపోవట్లేదు అంటాడు, గ్రాఫిక్స్ వాళ్లు పేరు స్పెల్లింగ్ మళ్లీ పంపమంటారు, ఇవన్నీ అయ్యి పీసీఆర్‌లో, అంటే బులెటిన్‌ని ప్రసారానికి నడిపించే కంట్రోల్ రూమ్‌లో, లైన్‌లో ఉండగా ఏదో ఫ్లాష్ పడుతుంది, మీ ఐటెమ్ డ్రాప్. సారీ అని ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పని కూడా లేదు, రన్‌డౌన్‌లో ఆ లైన్ వేరే చోటికి జరిగిపోతుంది అంతే. కొత్తల్లో ఇది చాలామందికి మనసుకి తగులుతుంది, చిన్న సంస్థల నుంచి వచ్చినవాళ్లకి ఇంకా ఎక్కువ.

డిజిటల్‌లో రన్‌డౌన్ ఉండదు, దాని బదులు డాష్‌బోర్డ్ ఉంటుంది. గోడ మీద పెద్ద స్క్రీన్, ఈ నిమిషంలో ఏ స్టోరీ ఎంతమంది చదువుతున్నారో పైకీ కిందికీ కదుల్తూ ఉంటుంది, మీ పని దాని మీద ఉందా లేదా అన్నది మీకే కాదు మొత్తం ఫ్లోర్‌కి తెలుస్తుంది. నాకు దీంతో పెద్ద గొడవ లేదు, చదివేవాళ్లు ఎంతమందో తెలియడం మంచిదే, కానీ ఆ అంకె ఎవరిచ్చారు అన్నది కూడా చూడాలి. 2016 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ ఒక విషయం ఒప్పుకుంది, వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారు అన్న లెక్క దాదాపు రెండేళ్ల పాటు ఎక్కువ చేసి చూపించాం అని. అప్పటికే అందరికందరూ వీడియో వీడియో అని ఊగిపోతున్నారు, ఆ తర్వాత కూడా ఆగలేదు, 2017లో ఎంటీవీ న్యూస్ లాంటి చోట్ల పొడుగు వ్యాసాలు రాసేవాళ్లని తీసేసి చిన్న వీడియోల వైపు తిప్పారు. తీసేసినవాళ్లు బాగా రాయక కాదు, పై ఫ్లోర్‌లో ఎవరో ఒక ప్రెజెంటేషన్‌లో ఒక గీత పైకి వెళ్తున్నట్టు చూపించారు. మీ ఆఫర్ డిజిటల్ వింగ్ అన్నారు కదా, అందుకే చెప్తున్నా, మీ డెస్క్ ట్రాఫిక్ ఎక్కువగా ఎక్కడ్నుంచి వస్తుందో, సెర్చా, సోషలా, నేరుగా యాప్‌లోకా, డబ్బు కట్టే సబ్‌స్క్రైబర్లా అన్నది ఇంటర్వ్యూలోనే అడగండి. సబ్‌స్క్రైబర్ల మీద నడిచే డెస్క్‌లో పని తీరే వేరు. న్యూయార్క్ టైమ్స్ 2011లో పేవాల్, అంటే డబ్బు కడితేనే చదవనిచ్చే పద్ధతి, పెట్టినప్పుడు చాలామంది నవ్వారు, ఇప్పుడు వాళ్లకి కోటి మందికి పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు, అందులో ఆటలకీ వంటలకీ ఉన్న డెస్కులు న్యూస్ డెస్క్‌కి అండగా నిలబడ్డాయి. ఆటలు తయారుచేసే డెస్క్‌ని చిన్నచూపు చూసే జర్నలిస్టులు ఇప్పటికీ ఉన్నారనుకోండి, జీతం వచ్చే రోజు మాత్రం ఎవరూ ఏమీ అనరు.

పెద్ద సంస్థలో నిజంగా బాగుండేవి కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. ఒకటి, న్యూస్ ఏజెన్సీలు. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) 1846 నుంచి ఉంది, రాయిటర్స్ 1851 నుంచి, రెండిటి ఫీడూ మీ స్క్రీన్ మీద ఉంటుంది, ఒకటి చెప్పింది ఇంకోటి చెప్పిందా అని నిమిషంలో చూసుకోవచ్చు, చిన్న చోట ఇది కల. రెండు, లైబ్రరీ. పాత ఫుటేజ్, పాత ఫొటోలు, దశాబ్దాల నాటి టేపులు, వాటిని వెతికిపెట్టే మనుషులు, వాళ్లతో స్నేహం చేసుకోండి, ఆ బిల్డింగ్‌లో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే, అందరికంటే తక్కువ పట్టించుకునేదీ వాళ్లనే. మూడు, ఫోన్ ఎత్తుతారు. మీ పేరు చెప్తే కట్ చేసిన మనిషే కంపెనీ పేరు చెప్తే "చెప్పండి సార్" అంటాడు. ఇది చాలా కిక్ ఇస్తుంది, కానీ ఆ గౌరవం మెడలో వేలాడే కార్డుకి, కార్డు తిరిగి ఇచ్చేసిన రోజు అది కూడా ఇచ్చేయాలి. కొందరు సీనియర్లు ఇది మర్చిపోయి బయటికొచ్చాక బాగా ఇబ్బంది పడటం చూశా.

నాలుగోది లీగల్. కొత్తవాళ్లు లీగల్ వాళ్లని తిట్టుకుంటారు, మంచి స్టోరీ ఆపేశారు, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు అని. నా లెక్కలో మాత్రం పెద్ద సంస్థలో చేరడానికి అదొక మంచి కారణం. మీ వాక్యం పక్కన "దీనికి ఆధారం ఏది" అని రాసే మనిషి ఒకరు ఉండటం వల్ల మీ రాత బాగుపడుతుంది. వాళ్లు ఎందుకంత భయపడతారు అంటే అంకె చూడండి, 2020 ఎన్నికల్లో ఓటింగ్ మెషీన్ల మీద ప్రసారం చేసిన అబద్ధాలకి సంబంధించిన కేసులో ఫాక్స్ న్యూస్ 2023 ఏప్రిల్‌లో ఆ మెషీన్లు తయారుచేసే డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు ఇచ్చి సెటిల్ చేసుకుంది. అక్కడ తెలియక జరిగింది కూడా కాదు, ఆ మాటలు నిజం కాదని లోపల ఒకరికొకరు పెట్టుకున్న మెసేజ్‌లే కోర్టు కాగితాల్లోకి వచ్చాయి. ఆఫీస్ చాట్‌లో మీరు రాసేది ఏదో ఒక రోజు వేరేవాళ్లు గట్టిగా చదవొచ్చు అన్న ఎరుకతో రాసుకోండి, జోకులు కూడా.

ఇక అసలు బాధ, ఎవరూ ఆఫర్ లెటర్‌లో రాయనిది. మీ ఉద్యోగం మీ పనితనం మీద కంటే మీ యూనిట్ కంపెనీ పటంలో ఎక్కడుంది అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. సీఎన్ఎన్ వాళ్ల స్ట్రీమింగ్ సర్వీస్ సీఎన్ఎన్ ప్లస్ సంగతి చూడండి. 2022 మార్చి 29న మొదలైంది, ఏప్రిల్ 28న మూసేశారు, నెల రోజులు. దానికోసం పేరున్న యాంకర్లని వేరే చోట్ల నుంచి తెచ్చారు, వందల మందిని తీసుకున్నారు. మధ్యలో ఏమైంది, ఏప్రిల్ 8న సీఎన్ఎన్ యజమాని వార్నర్‌మీడియా, డిస్కవరీ కలిసి కొత్త కంపెనీ అయ్యింది, కొత్తగా వచ్చినవాళ్లకి విడివిడిగా సర్వీసులు వద్దు, అంతా ఒక్క యాప్‌లో ఉండాలి. అంతే. అక్కడ పనిచేసినవాళ్లలో ఎవరు బాగా చేశారు ఎవరు చేయలేదు అన్న ప్రశ్న కూడా రాలేదు. అదే ఏడాది ఆగస్టులో అదే కంపెనీ సుమారు తొమ్మిది కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన ఒక సినిమాని, షూటింగ్ అయిపోయి ఎడిటింగ్‌లో ఉండగా, ఎక్కడా విడుదల చేయం అని పక్కన పడేసింది. అందులో పనిచేసిన ఎడిటర్‌కీ, కాస్ట్యూమ్ వాళ్లకీ చూపించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ ఒక్క కంపెనీ కథే చెప్పినా చాలు అసలు. వార్నర్‌మీడియా పాత పేరు టైమ్ వార్నర్. 2000 జనవరిలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది, 2001లో కలిసిపోయాయి, 2002కి దాదాపు 9,900 కోట్ల డాలర్ల నష్టం చూపించారు, 2009లో విడిపోయాయి, 2018లో ఏటీ అండ్ టీ అనే టెలికాం కంపెనీ వచ్చి కొనుక్కుంది, నాలుగేళ్లకి వదిలించుకుని డిస్కవరీ చేతిలో పెట్టింది. అదే సీట్లో కదలకుండా కూర్చుని అదే పని చేసుకున్న మనిషికి కూడా పైన యజమానులు ఇన్నిసార్లు మారారు, మారిన ప్రతిసారీ కొత్త టౌన్‌హాల్, కొత్త నినాదం, సినర్జీ అన్న మాట, ఆ మాట వినపడితే ఎవరిదో ఒకరి సీటు కిందికి నీళ్లొస్తున్నట్టే. రెండు కంపెనీలు కలిస్తే రెండు మార్కెటింగ్ టీమ్‌లు, రెండు హెచ్ఆర్‌లు, రెండు ప్రోమో టీమ్‌లు ఉంటాయి, ఒకటి చాలు అనుకుంటారు, దాన్నే సినర్జీ అంటారు.

నేనున్న ఒక చోట రీస్ట్రక్చరింగ్ విషయం మాకు లోపలి మెయిల్ కంటే ముందు బయటి ట్రేడ్ వెబ్‌సైట్‌లో చదివి తెలిసింది. లోకానికి వార్తలు చెప్పే ఫ్లోర్‌లో మా వార్త మాకు చివర్లో తెలిసింది, నవ్వాలో ఏడవాలో తెలీని పరిస్థితి. మెయిల్ వచ్చాక చూస్తే "కష్టమైన నిర్ణయం", "మా ప్రయాణంలో తర్వాతి దశ" లాంటి మాటలే రెండు పేజీలు, ఎవరు ఉంటారు ఎవరు పోతారు అన్నది మాత్రం లేదు. తర్వాత నాకు తెలిసిందేంటంటే దీనికి సంకేతాలు ముందే వస్తాయి, వెళ్లిపోయినవాళ్ల పోస్టులు నింపరు, ఏజెన్సీ సబ్‌స్క్రిప్షన్లలో ఒకటి ఆపేస్తారు, ప్రయాణాలకి అప్రూవల్ ఇంకో మెట్టు పైకి వెళ్తుంది, మీ బాస్‌కి అకస్మాత్తుగా స్ప్రెడ్‌షీట్ల మీటింగులు ఎక్కువవుతాయి. ఇందులో మూడు ఒకేసారి కనిపిస్తే రెజ్యూమే బయటికి తీయండి.

ఇంకోటి, తప్పు వేరే ఫ్లోర్‌ది అయినా శిక్ష మీకు పడొచ్చు. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ద వరల్డ్ 1843లో మొదలైన పేపర్, ఫోన్ హ్యాకింగ్ గొడవ బయటపడ్డాక 2011 జులై 10న ఆఖరి సంచిక వేసి మూసేశారు. హ్యాకింగ్ జరిగిన చాలా ఏళ్ల తర్వాత చేరినవాళ్లు, క్రీడల పేజీలు పెట్టుకునేవాళ్లు, సబ్ ఎడిటర్లు, అందరూ రోడ్డు మీద పడ్డారు. గ్రూప్ మాత్రం ఉంది.

యాడ్స్ వాళ్లకీ ఎడిటోరియల్‌కీ మధ్య గోడ ఉండాలి అని అన్ని పెద్ద సంస్థలూ చెప్తాయి. గోడ ఉందా లేదా అన్నది పాలసీ కాగితంలో తెలీదు, పెద్ద అడ్వర్టైజర్ మీద చిన్న నెగటివ్ స్టోరీ వచ్చిన రోజు తెలుస్తుంది. 1999లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వాళ్లు స్టేపుల్స్ సెంటర్ అనే కొత్త అరీనా గురించి ఒక స్పెషల్ మ్యాగజైన్ వేసి, దాని యాడ్స్ లాభం ఆ అరీనా వాళ్లతోనే పంచుకునేట్టు ఒప్పందం చేసుకున్నారు, రాసిన రిపోర్టర్లకి ఆ సంగతే తెలీదు, తెలిశాక వాళ్లే తిరగబడ్డారు, పేపర్ చివరికి జరిగిందంతా తనే పెద్ద రిపోర్ట్‌గా వేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు స్పాన్సర్డ్ కంటెంట్, బ్రాండ్ స్టూడియో అని పేర్లు మారాయి. మీరు చేరే టీమ్ న్యూస్ కిందకి వస్తుందా, రెవెన్యూ వాళ్లకి రిపోర్ట్ చేస్తుందా అని కచ్చితంగా కనుక్కోండి, బయటికి రెండూ "కంటెంట్ టీమ్" లాగే కనిపిస్తాయి. రెవెన్యూ వైపు చేయడం తప్పేం కాదు, ఆ పనీ బాగా చేసేవాళ్లు ఉన్నారు, తెలిసి చేరండి అంటున్నా.

సోషల్ మీడియా గురించి కూడా. ఇప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు పోస్టులు పెడుతున్నారు కదా, అక్కడ కుదరదు. 2023 మార్చిలో బీబీసీ తన పేరున్న ఫుట్‌బాల్ ప్రెజెంటర్ గ్యారీ లినేకర్‌ని ఒక ట్వీట్ విషయంలో ప్రోగ్రామ్ నుంచి పక్కన ఉండమంది, తోటి ప్రెజెంటర్లు, కామెంటేటర్లు మేమూ రాం అన్నారు, ఆ శనివారం ఫుట్‌బాల్ హైలైట్స్ షో యాంకర్ లేకుండా, కామెంటరీ లేకుండా ఇరవై నిమిషాలే నడిచింది, తర్వాత బీబీసీనే వెనక్కి తగ్గింది. ఇది చదివి మీరు ధైర్యం తెచ్చుకోకండి దయచేసి, ఆయన లినేకర్, మనకోసం షో ఎవరూ ఆపరు.

కాంట్రాక్ట్‌లో చూడాల్సినవి చెప్తా. మొదటిది, పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా, లేక థర్డ్ పార్టీ రోల్స్ మీదా, అంటే జీతం మధ్యలో వేరే కంపెనీ ఇస్తుందా. పెద్ద మీడియాలో ఏళ్ల తరబడి అదే సీట్లో ఫ్రీలాన్సర్‌గానే ఉండిపోయేవాళ్లు చాలామంది, పని అందరితో సమానం, ఇన్సూరెన్స్, సెలవులు మాత్రం వేరు. 2007 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఎంటీవీ ఫ్రీలాన్సర్లు బెనిఫిట్స్ తగ్గిస్తున్నారని పని ఆపి ఆఫీసు బయటికొచ్చేశారు, అంత పెద్ద కంపెనీలో అంతమంది ఫ్రీలాన్సర్లు ఉన్నారా అని బయటివాళ్లకి తెలిసిందే అప్పుడు. రెండోది, మీరు తయారుచేసిన ప్రతిదీ కంపెనీ ఆస్తి, ఇది మామూలే, కానీ ఆఫీస్ టైమ్ బయట మీరు నడుపుకునే న్యూస్‌లెటర్, పాడ్‌కాస్ట్, చానెల్ కూడా అందులోకి వస్తాయా అన్నది చదవండి, ముందే చెప్పి లిఖితంగా పర్మిషన్ తీసుకుంటే ఇస్తారు, చేరాక అడిగితే కష్టం. మూడోది ఏఐ. 2023లో అమెరికా రైటర్ల సమ్మె 148 రోజులు జరిగింది, దాని తర్వాత వచ్చిన ఒప్పందంలో ఏఐ రాసింది రైటర్ రాసినదానికి సమానం కాదు, రైటర్‌ని ఏఐ వాడమని బలవంతం చేయకూడదు అని రాయించుకున్నారు. యూనియన్ లేని డెస్క్‌లో ఇవేవీ ఉండవు, కాబట్టి ఆ టూల్స్‌తో మీ దగ్గర ఏ పని చేయిస్తారు, దాని కింద పేరు ఎవరిది పడుతుంది అని అడగడంలో మొహమాటం వద్దు.

చేరాక మొదటి రోజు నుంచే మీ పని కాపీలు దాచుకోండి, లోపలి డాక్యుమెంట్లు కాదు, పబ్లిష్ అయినవి మాత్రమే. లింకుల్ని నమ్మకండి. ఎంటీవీ న్యూస్ యూనిట్‌ని 2023లో మూసేశారు, 2024 జూన్‌లో సైట్ కూడా తీసేశారు, రెండు దశాబ్దాల ఇంటర్వ్యూలు, రివ్యూలు పోయాయి, రాసినవాళ్లు తమ పోర్ట్‌ఫోలియో లింకులు క్లిక్ చేస్తే ఏమీ రాలేదు.

మనుషుల గురించి ఒక్క మాట. రాజకీయాలు ఉంటాయి, చిన్న చోటా ఉన్నాయి, ఇక్కడ కొంచెం పాలిష్డ్‌గా ఉంటాయి. మిమ్మల్ని నిలబెట్టేది గ్రూప్ సీఈఓ కాదు, మీ షిఫ్ట్ ఇన్‌చార్జ్. అందుకే ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు కంపెనీ విజన్ అడగకండి, ఈ పోస్ట్‌లో ఇంతకుముందు ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. ప్రమోషన్ మీద అదే బిల్డింగ్‌లో ఉంటే మంచి డెస్క్. తెలీదు అన్నారంటే లింక్డిన్‌లో వెతికి ఆ మనిషికే మెసేజ్ పెట్టండి, వెళ్లిపోయినవాళ్లు దాచుకోకుండా చెప్తారు. షిఫ్ట్ రొటేషన్ ఎన్ని వారాలకి, నైట్ తర్వాత వీక్లీ ఆఫ్ ఇస్తారా, బ్రేకింగ్ రోజున ఆగిపోతే కాంప్ ఆఫ్ (బదులు సెలవు) నిజంగా వాడుకోనిస్తారా అన్నవి కూడా అడగాలి, ఇవన్నీ చిన్న విషయాల్లా ఉంటాయి గానీ రోజూ మీరు బతికేది వీటితోనే.

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే చేరమంటా, ఆ డెస్క్ నేరుగా న్యూస్ కిందే ఉండి, ఆఫర్ పర్మనెంట్ అయితే. మీరు అన్నీ ఒక్కరే చేసుకోవడం నేర్చుకున్నారు, మీ కాపీని ఇంకొకరు కోసి బాగుచేయడం ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు, అది రెండు మూడేళ్లు చూస్తే మీ చేయి మారిపోతుంది. ఫిక్స్‌డ్ టర్మ్ అయ్యి, పైగా కొత్తగా పెట్టిన యూనిట్ అయితే మాత్రం జీతం బాగా పెంచమనండి, లేకపోతే ఉన్నచోటే ఉండండి.

మళ్లీ చిన్న సంస్థకి రావడం గురించి, వస్తారు, చాలామంది వచ్చారు, మంచి పొజిషన్లలోనే. కాకపోతే వచ్చిన కొత్తల్లో గ్రాఫిక్స్‌కి ఎవరికి మెయిల్ పెట్టాలి అని వెతుక్కుంటారు, అక్కడ గ్రాఫిక్స్ కూడా మీరే.